పదకొండేళ్లలో ఏడు జాతులు: చివరికి నా దొడ్లో మిగిలిన కోళ్లు

ఏ జాతి కోళ్లను పెంచమంటారని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: గుడ్లు కావాలా, పిల్లలు కావాలా? రెండూ కావాలంటారు. మొదట్లో నేనూ అదే అన్నాను. పదకొండేళ్లలో ఏడు జాతులను పెంచి చూశాక తెలిసింది, ఆ రెండూ ఒకే పెట్ట దగ్గర దొరకడం అరుదని. విరివిగా గుడ్లు పెట్టే జాతుల్లో పొదిగే గుణాన్ని మనుషులే తరతరాలుగా ఏరివేస్తూ వచ్చారు. కారణం తేలికే. పొదుగుకు కూర్చున్న పెట్ట 21 రోజులు గుడ్డు పెట్టదు, పిల్లలు దిగాక వాటిని తిప్పుకుంటూ మరికొన్ని వారాలు పెట్టదు. గుడ్ల కోసం పెంచేవాడికి ఆ రోజులన్నీ నష్టమే. ఈ చిన్న సంగతి ముందే తెలిసి ఉంటే నా మొదటి నాలుగేళ్ల తిప్పలు సగం తప్పేవి.

మొదలుపెట్టింది వైట్ లెగ్‌హార్న్‌తో. ఇటలీలోని లివోర్నో రేవు పేరే ఆంగ్లంలో అలా మారి ఈ కోడికి అంటుకుంది. పుస్తకంలో గుడ్ల అంకె చూసి ఎనిమిది పెట్టలను తెచ్చాను. అంకె అబద్ధం కాదు. మొదటి ఏడాది దాదాపు రోజూ ఏడు తెల్లని గుడ్లు దొరికేవి. ఒళ్లు చిన్నది కాబట్టి దాణా కూడా తక్కువే తింటాయి. అయితే చీమ చిటుక్కుమన్నా గూడంతా గగ్గోలు. అయిదడుగుల కంచె వాటికి లెక్కలోకి రాదు. మూడేళ్లలో ఒక్కటీ నా చేతిలోని గింజలు తినలేదు. చేతికి చిక్కని కోడికి జబ్బు చేస్తే ఆలస్యంగా తెలుస్తుంది. గుడ్డు లోపలే ఇరుక్కుని, పొట్ట ఉబ్బి రెండు పోయాయి. రెండు సార్లూ నాకు తెలిసేసరికే చేయి దాటిపోయింది. గుడ్లు అమ్ముకునేవారికి ఇంతకన్నా మంచి కోడి లేదు. కోళ్ల మధ్య కాసేపు కూర్చోవాలనుకునే నాలాంటివాడికి ఇది పనికిరాదు.

తర్వాత రోడ్ ఐలండ్ రెడ్. అమెరికాలో 19వ శతాబ్దం చివర రైతులు తయారుచేసుకున్న జాతి ఇది. రోడ్ ఐలండ్ రాష్ట్రం 1954లో దీన్ని తమ రాష్ట్ర పక్షిగా కూడా ప్రకటించుకుంది. ముదురు ఎరుపు ఒళ్లు, గట్టి కాళ్లు. వానైనా ఎండైనా దాణా గిన్నె దగ్గర ముందు నిలబడేది ఇదే. పెట్టల మీద నాకు ఫిర్యాదు లేదు, కాస్త పెత్తనం చేస్తాయన్నది తప్ప. పుంజు మాటే వేరు. మొదటి పుంజు ఏడాది నిండేసరికి నా మోకాళ్ల మీద పగబట్టింది. వెనక్కి తిరిగితే చాలు, ముల్లుతో తన్నేది. చేటను అడ్డం పెట్టుకుని గూట్లోకి వెళ్లిన రోజులు ఉన్నాయి. రెండో పుంజు మాత్రం గంగిగోవు. కాబట్టి జాతిని బట్టి గుణం అని గుండెల మీద చేయి వేసుకుని చెప్పలేను. కొంత ఆ పక్షి తలరాత కూడా.

దీని గుడ్డు గోధుమ రంగులో ఉంటుంది. అందులో బలం ఎక్కువని నమ్మేవారు చాలామంది. గుడ్డు తయారవడానికి ఒక రోజుకు పైగా పడుతుంది, అందులో ఇరవై గంటలు పెంకుకే పోతాయి. ఆ రంగు చివరి కొన్ని గంటల్లో పైన పడే పూత మాత్రమే. పగలగొట్టి పెంకు లోపలి వైపు చూడండి, తెల్లగానే ఉంటుంది. బలం పెట్ట తిన్న తిండిని బట్టి వస్తుంది, పెంకు రంగును బట్టి కాదు.

ఇక ఆస్ట్రలార్ప్. ఇది నా పక్షపాతం, దాచుకోను. ఇంగ్లండులో పుట్టిన నల్ల ఆర్పింగ్టన్ కోళ్లను ఆస్ట్రేలియాకు తీసుకుపోయి, గుడ్ల కోసం ఎంపిక చేసుకుంటూ తయారుచేసిన జాతి. అక్కడ 1922-23లో జరిగిన పోటీలో ఆరు పెట్టలు కలిసి 365 రోజుల్లో 1857 గుడ్లు పెట్టాయి. తర్వాత ఒక పెట్ట ఒంటరిగా 365 రోజుల్లో 364 పెట్టింది. నా దగ్గర అలాంటి అద్భుతాలేమీ జరగలేదు. నా లెక్కల పుస్తకం ప్రకారం మొదటి ఏడాది ఒక్కో పెట్టకు సగటున 230, రెండో ఏడాది 190, నాలుగో ఏటికి 120. పోటీ అంకెకూ దొడ్లో అంకెకూ మధ్య తేడా జాతిది కాదు, నాది. పెట్ట బాగా గుడ్లు పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు, 16-18 శాతం మాంసకృత్తులున్న దాణా కావాలి. నేను దీపాలు పెట్టను. ఈకలు రాల్చే కాలంలో వాటి మానాన వాటిని వదిలేస్తాను. ఆల్చిప్పల పొడిని మాత్రం దాణాలో కలపకుండా వేరే గిన్నెలో పెడతాను. పెంకు పలచబడిన పెట్ట తనంతట తానే వెళ్లి తింటుంది, పుంజు దాని జోలికి పోదు.

అంకెలు పక్కన పెడితే, ఈ జాతి నిదానం నన్ను కట్టిపడేసింది. కాకి నలుపు ఒంటి మీద ఎండ పడితే ఆకుపచ్చ మెరుపు. పిలిస్తే పరుగెత్తుకుని వస్తుంది, పట్టుకుంటే గింజుకోదు. మందు వేయాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క గుణమే సగం పని తగ్గిస్తుంది. నల్లని కోడి ఎండకు తట్టుకుంటుందా అని భయపడ్డాను. చెట్టు నీడ, చల్లని నీళ్లు, మట్టిలో పొర్లడానికి గుంట ఉంటే తట్టుకుంటుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని ఉపాయం. రొప్పుతూ రెక్కలు దూరంగా పెట్టిందంటే నీడ చాలడం లేదన్నమాట.

చారల ప్లిమత్ రాక్ పెట్టలు రెండింటిని ఒకే ఒక్క కారణానికి ఉంచుకున్నాను. వాటిని రోడ్ ఐలండ్ రెడ్ పుంజుతో కలిపితే, పిల్ల పుట్టిన రోజే పెట్టో పుంజో తెలిసిపోతుంది. తల మీద తెల్లని మచ్చ ఉంటే పుంజు, లేకపోతే పెట్ట. చారల జన్యువు తల్లి నుంచి కొడుకులకే అందుతుంది, కూతుళ్లకు అందదు. పుంజును, పెట్టను తారుమారు చేస్తే ఈ కిటుకు పనిచేయదు. నేను ఒకసారి తారుమారు చేసి, పిల్లల తలలు పట్టుకుని గంటసేపు వెతికాను.

సిల్కీ, కడక్‌నాథ్ రెండూ మోజు కొద్దీ తెచ్చినవి. రెంటికీ చర్మం, ఎముక దాకా నలుపే, పోలిక అంతటితో సరి. సిల్కీకి అయిదు వేళ్లు, ఒంటి నిండా దూదిలాంటి ఈకలు. ఆ ఈకలు నీటిని ఆపవు. ఒక్క వానకు తడిసి వణుకుతూ నిలబడితే తువ్వాలుతో తుడిచి ఇంట్లో పెట్టుకోవాల్సి వచ్చింది. మంచి తల్లే, గోళీకాయ కనబడినా పొదుగుతుంది. కాని చిన్న ఒళ్లు, నాలుగైదు పెద్ద గుడ్లకు మించి కప్పలేదు. కడక్‌నాథ్ చురుకైనది, అందమైనది. గుడ్లు తక్కువ, పొదగడమూ రాదు. ఏడాదిన్నర పెంచి మానేశాను.

గుడ్లు పెట్టే కోళ్లు కుదిరాయి, పిల్లలు మాత్రం లేవు. పొదిగే యంత్రం కొన్నాను. పద్దెనిమిదో రోజు రాత్రి కరెంటు పోయి, తెల్లవారేసరికి ముప్పై గుడ్లు చల్లబడ్డాయి. ఆ ఉదయం తీసుకున్న నిర్ణయమే అసిల్.

కయ్యానికి పేరుపడ్డ ఈ జాతి గురించి చాలామంది పుంజు గురించే మాట్లాడతారు. నేను పెట్ట గురించి చెబుతాను. గుడ్లు తక్కువే, పది పన్నెండు పెట్టగానే పొదుగుకు వస్తుంది. దాని గుడ్లు తీసేసి, రాత్రి చీకట్లో ఆస్ట్రలార్ప్ గుడ్లు కింద పెట్టాను. తెల్లారి చూస్తే వాటిని ముక్కుతో సర్దుకుంటోంది. రోజుకు ఒక్కసారి, పావుగంట సేపు లేచి నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి మళ్లీ కూర్చుంటుంది. ఏడో రోజు దీపం ముందు పెట్టి చూసి, రక్తనాళాలు కనిపించని రెండింటిని తీసేశాను. మిగిలిన పదింటిలో తొమ్మిది పిల్లలయ్యాయి. యంత్రం నాకెన్నడూ ఆ లెక్క చూపించలేదు. పిల్లలను మొదటి వారం 35 డిగ్రీల వేడిలో ఉంచాలన్న పని కూడా నాకు తప్పింది, ఆ వేడి దాని రెక్కల కిందే ఉంది.

ఒక మధ్యాహ్నం గద్ద దిగింది. పెట్ట పారిపోలేదు. మెడ నిక్కించి, తన కన్నా ఎత్తుకు ఎగిరి గుండెతో గుద్దింది. గద్ద ఖాళీ కాళ్లతో లేచిపోయింది. ఆ రోజు నుంచి ఆ పెట్టను నేను చులకనగా పిలవలేదు.

లోపాలు లేవా? ఉన్నాయి. పిల్లలతో ఉన్న అసిల్ పెట్ట తక్కిన పెట్టలను రక్తం వచ్చేలా పొడుస్తుంది. దానికి వేరే దడి కట్టాల్సిందే. దాని సొంత పిల్లలైతే నెల దాటకముందే ఒకదాన్నొకటి కుమ్ముకోవడం మొదలుపెడతాయి. ఇంకో మాట, ఇది మొండి జాతి, రోగాలు రావు అంటారు. అయిదో ఏడు కొక్కెర తెగులు వచ్చినప్పుడు అసిల్, లెగ్‌హార్న్ అని తేడా చూడలేదు. పదిహేడు కోళ్లు పోయాయి. ఇప్పుడు ఏ జాతి పిల్లకైనా ఏడో రోజున కంట్లో టీకా చుక్క పడాల్సిందే, తర్వాతి టీకాలూ వేళ తప్పకుండా వేయాల్సిందే.

ప్రస్తుతం దొడ్లో తొమ్మిది ఆస్ట్రలార్ప్‌లు, రెండు ప్లిమత్ రాక్‌లు, సాధువైన ఆ ఎర్ర పుంజు, రెండు అసిల్ పెట్టలు ఉన్నాయి. గుడ్ల పని వీటిది, పిల్లల పని వాటిది అని పంచేసి నిశ్చింతగా ఉన్నాను. నిన్న సాయంత్రం గుడ్ల పెట్టెలో చేయి పెడితే ఒక ఆస్ట్రలార్ప్ పెట్ట ఒళ్లంతా ఉబ్బించుకుని నన్ను పొడిచింది. కింద ఒక్క గుడ్డు కూడా లేదు, అయినా లేవనంటోంది. మూడు రోజులు చూసి రెండు గుడ్లు పెడదామనుకుంటున్నాను. అసిల్ గంప మాత్రం దులిపి సిద్ధంగానే ఉంచాను.