తంగేడు గింజ కోసం హన్మకొండ నుంచి తాడ్వాయి దాకా

బతుకమ్మకు కావలసిన తంగేడు, గునుగు పూలు ఇప్పుడు హన్మకొండలో చాలామందికి అంగట్లో కట్టలుగానే దొరుకుతున్నాయి. ఊరి చివరి బీళ్లు ప్లాట్లుగా మారిన కొద్దీ తంగేడు పొదలు తరిగిపోయాయి, పత్తి చేలల్లో కలుపు మందుల వాడకం పెరిగిన కొద్దీ గునుగు కనుమరుగవుతూ వచ్చింది. అయితే ఆ మొక్కలను ఇంటి ముంగిట, బడి ఆవరణలో, కాలనీ పార్కులో పెంచడాన్ని ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటున్నవాళ్లు వరంగల్ చుట్టుపక్కల ఉన్నారు. వాళ్లు కలుసుకొనే చోట్లను, ఆ మొక్కలతో తరతరాలుగా బతికిన ఊళ్లను చూడాలని, తొలకరి పడ్డాక ఆషాఢమాసంలో మా అక్కతో కలిసి కరీంనగర్ నుంచి బయలుదేరాను. దారిలోని ప్రతి చోటునూ నేను తూచింది ఒకే కొలతతో: అక్కడికి వెళ్లి వచ్చిన మనిషి తన ఇంటి దగ్గర ఈ నేలకు చెందిన ఒక మొక్కను గింజ నుంచి పెంచి బతికించుకోగలడా? దృశ్యం ఎంత అందంగా ఉన్నా, గది ఎంత సౌకర్యంగా ఉన్నా, ఈ ప్రశ్నకు జవాబు దొరకని చోట్ల గురించి ఇక్కడ తక్కువే రాశాను.

ఈ కొలతకు అన్నిటికన్నా బాగా నిలిచింది హన్మకొండలో ఒక ప్రభుత్వ పాఠశాల ఆవరణలో ఆదివారం ఉదయం జరిగిన విత్తనాల మార్పిడి. ఉపాధ్యాయులు, విశ్రాంత అధ్యాపకులు, మేడ మీద కుండీలు పెంచే గృహిణులు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు అక్కడికి వచ్చారు. ప్రవేశానికి డబ్బు లేదు. ఒక గుప్పెడు గింజలు తెచ్చినవారు ఇంకో గుప్పెడు తీసుకెళ్లవచ్చు, ఏమీ తేలేనివారు వచ్చేసారి తెస్తామని చెప్పి తీసుకెళ్లవచ్చు. చెట్టు కింద పరిచిన చాపల మీద తంగేడు, రేల, మోదుగ, కానుగ, ఉసిరి, మారేడు, గునుగు గింజలు కాగితపు పొట్లాలలో ఉన్నాయి. ప్రతి పొట్లం మీద ఆ గింజను ఏ ఊళ్లో, ఏ నెలలో సేకరించారో తెలుగులో రాసి ఉంది. ఈ చిన్న జాగ్రత్త ఎంతో ఉపయోగకరమైనది, ఎందుకంటే గింజ వయసు తెలియకుండా మొలకను గురించి ఏమీ చెప్పలేము.

అక్కడ నేర్పిన పద్ధతి కూడా మెచ్చుకోదగ్గదే. తంగేడు గింజకు పై పెంకు గట్టిది కాబట్టి, నీళ్లు మరిగించి పొయ్యి మీద నుంచి దించాక అందులో గింజలు వేసి రాత్రంతా నానబెట్టాలని చేసి చూపించారు. రేల గింజ ఇంకా మొండిది. దాన్ని గరుకు రాతి మీద ఒక పక్క లోపలి తెలుపు కనబడేదాకా రుద్దిన తరువాతే నానబెట్టాలి. వేప, ఇప్ప గింజల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. అవి రాలిన కొద్ది వారాలలోనే మొలకెత్తే శక్తిని కోల్పోతాయి కనుక డబ్బాలో దాచుకొనే ఆలోచన పెట్టుకోకుండా తొలకరి తడిలోనే మట్టిలో పెట్టాలి. ఆవగింజ కన్నా చిన్నగా, నల్లగా మెరిసే గునుగు గింజను లోతుగా పూడిస్తే పైకి రాదు. ఇసుకలో కలిపి చల్లి, పైన చేత్తో సర్ది వదిలేస్తే చాలు, బతుకమ్మ నాటికి తెల్లని, కొస గులాబీ రంగు తేలిన కంకులు వేస్తుంది. హసన్‌పర్తి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ మా అక్క చేతిలో తంగేడు గింజలు పెడుతూ, "అడివిలకెళ్లి మొక్క పీక్కచ్చి నాటితె బతకది బిడ్డా, దాని ఏరు పాతాళంల ఉంటది. గింజ ఏసి సూడు, నీళ్లు లేకున్నా నిలవడ్తది" అన్నది. తంగేడు తల్లివేరు స్వభావం గురించి ఇంతకన్నా స్పష్టంగా చెప్పినవారిని నేను చూడలేదు.

ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు తంగేడు పువ్వును విప్పి చూపిన తీరు పిల్లలను కదలనివ్వలేదు. పుప్పొడి తిత్తులకు కొన దగ్గర సన్నని రంధ్రం మాత్రమే ఉంటుందనీ, నల్లని పెద్ద తుమ్మెద పువ్వును పట్టుకొని రెక్కల కండరాలను అదరగొట్టినప్పుడే ఆ పుప్పొడి రాలుతుందనీ ఆయన వివరించారు. తుమ్మెద గూడు పెట్టుకోవడానికి ఎండిన కట్టె కూడా తోటలో ఒక మూల ఉండాలని ఆయన చేర్చిన మాట, అన్నీ ఊడ్చి శుభ్రం చేసే మన అలవాటును సరిదిద్దేది. 2017లో పద్మశ్రీ అందుకొని, 2025 ఏప్రిల్‌లో కన్నుమూసిన ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్యను కూడా అక్కడ తలచుకున్నారు. దారుల వెంట గింజలు ఏరుకొని, ఖాళీ జాగా కనబడిన చోటల్లా చల్లుతూ జీవితం గడిపిన మనిషిని ఇటువంటి కూటమిలో తలచుకోవడం ఎంతో తగినది.

ఈ కూటమిలో నాకు నచ్చనిది ఒకటే. సన్మానాలకు, శాలువాలకు, మైకులో ప్రసంగాలకు ఉదయపు చల్లని గంటలు వెచ్చించడంతో, చేతులు మట్టిలో పెట్టవలసిన పని ఎండ ముదిరాక మొదలైంది. దూరపు ఊళ్ల నుంచి వచ్చిన రైతులలో కొందరు బస్సు వేళ అయిందని మధ్యలోనే వెళ్లిపోయారు. వారి దగ్గరే ఎక్కువ తెలివి ఉన్నదని నిర్వాహకులు గుర్తించి, వారిని ముందు మాట్లాడనివ్వాలని నా విన్నపం.

బసకు హన్మకొండే అనుకూలం. పర్యాటక శాఖ వారి హరిత కాకతీయ హోటల్ కాజీపేట నుంచి వచ్చేవారికీ, బస్ స్టేషన్‌కు వెళ్లేవారికీ అందుబాటులో ఉంటుంది, కుటుంబాలకు సరిపోతుంది. బస్ స్టేషన్ దగ్గర తక్కువ అద్దె లాడ్జీలు చాలా ఉన్నాయి. మేము దిగిన ఒక లాడ్జీలో గది శుభ్రంగానే ఉంది కానీ తెల్లవారుజామున బయలుదేరతామని రాత్రే చెప్పినా గేటు తాళం తీసేవారు లేక మొదటి బస్సు తప్పిపోయింది. మొక్కలు చూసేవారికి ఉదయమే ముఖ్యం కాబట్టి గది తీసుకొనే ముందు ఈ ఒక్క విషయం గట్టిగా అడగాలి. సాయంత్రం ఖాళీ ఉంటే 1163 నాటి వేయిస్తంభాల గుడినీ, పద్మాక్షి గుట్టనూ చూడవచ్చు. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మకు వచ్చేవారికి ఆ ఆవరణలే పాఠశాలలు. ఏ పూలు అంగడివో, ఏవి చేనుగట్టువో అక్కడి పెద్దమ్మలు పళ్లెం చూసి చెప్పగలరు.

నర్సరీల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నగర శివారులోని ఒక ప్రైవేటు నర్సరీలో తంగేడు ఉందా అని అడిగితే పసుపు పూల మొక్క ఒకటి తెచ్చి ఇచ్చారు. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన టెకోమా. పూల రంగు చూసి మోసపోకుండా ఆకును చూడాలి: తంగేడు ఆకులో చిన్న చిన్న ఆకులు జతలు జతలుగా ఉంటాయి, వాటి అంచు నునుపు, టెకోమా ఆకు అంచు రంపపు పళ్లలా ఉంటుంది. గ్రామ పంచాయతీ నర్సరీలు ఇంతకన్నా నమ్మదగినవి. రాష్ట్ర ప్రభుత్వ మొక్కల పెంపకం కార్యక్రమమైన హరితహారం 2015లో మొదలైన తరువాత పంచాయతీకి ఒక నర్సరీ ఏర్పడింది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని 2018 పంచాయతీరాజ్ చట్టం బాధ్యత పెట్టింది. మంచి నియమమే గాని, దాని ఒత్తిడిలో త్వరగా పెరిగేవి, పశువులు ముట్టనివి ఏవైతే అవి నాటడం పెరిగింది. రోడ్ల నడుమ వరుసలు వరుసలుగా పచ్చగా కనిపించే కోనోకార్పస్ అటువంటిదే, అది మన నేలది కాదు. పశువులు ముట్టకపోవడం, నీళ్లు తక్కువైనా తట్టుకోవడం అన్న రెండు గుణాలూ తంగేడుకు ఉన్నప్పుడు, పరాయి మొక్కను వెతుక్కోవలసిన అవసరం ఏముంది? ములుగు దారిలో మేము ఆగిన ఒక పంచాయతీ నర్సరీలో కూలీ చేసే అక్క, ఎవరూ చెప్పకుండానే తన ఇంటి దగ్గరి కానుగ, రేల గింజలను కవర్లలో పెట్టి వరుసగా మొలకెత్తించింది. అడిగినవారికి ఎలా పెంచాలో ఓపికగా చెప్పింది కూడా.

జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలోని ఏనెబావి పూల మొక్కల ఊరు కాదు, పంటల ఊరు. ఊరంతా కలిసి రసాయన ఎరువులను, పురుగుమందులను వదిలిపెట్టినట్లు 2006లోనే ప్రకటించుకున్న పల్లె అది. తోట పెంచేవారు అక్కడికి ఎందుకు వెళ్లాలంటే, తోటలోని చీడకు మందు మన చుట్టూ ఉన్న చెట్లలోనే ఉందన్న సంగతి అక్కడ కంటితో చూడవచ్చు. వేప గింజల కషాయం, పేడ, మూత్రాలతో చేసే ద్రావణాలు, చెరువు మట్టి వాడకం గురించి రైతులు దాపరికం లేకుండా చెబుతారు. అయితే అది ప్రదర్శనశాల కాదు, పని చేసుకొనే ఊరు. నాట్ల రోజులలో గుంపుగా వెళ్లి నిలబెట్టి ప్రశ్నలు వేయడం వారికి ఇబ్బంది. ముందుగా కబురు చేసి, కొద్దిమందిగా, వారి తీరిక చూసుకొని వెళ్లడం మర్యాద. అక్కడ బస, హోటల్ ఉండవు. ఉదయం వెళ్లి సాయంత్రానికి జనగామకో హన్మకొండకో తిరిగి రావాలి.

ములుగు దాటిన తరువాత దారి రెండు వైపులా అడవి దగ్గరవుతుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడి చూడకుండా ఎవరూ రారు, రాకూడదు కూడా. అయినా ఈ యాత్ర ఉద్దేశానికి అక్కడ ఒక పూట చాలు. లక్నవరం సరస్సులోని కాటేజీలు, వేలాడే వంతెన పిల్లలకు సంతోషం కలిగిస్తాయి, కానీ సెలవు రోజులలో సందర్శకుల సందడి మధ్య మొక్కల గురించి మాట్లాడుకోవడానికి తావుండదు. తాడ్వాయి అలా కాదు. ఏటూరునాగారం వెళ్లే ఆర్టీసీ బస్సు పస్రా మీదుగా అక్కడే ఆగుతుంది. రాత్రికి ఉండడానికి పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి. అడవి ఊరు కాబట్టి నగరపు సౌకర్యాలు ఆశించకుండా టార్చ్, దోమతెర, రెండు పూటల తిండికి కొన్ని అటుకులు వెంట ఉంచుకోవడం మంచిది.

తాడ్వాయి దగ్గర ఒక కోయ గూడెంలో పెద్దాయన మమ్మల్ని ఇప్ప చెట్ల కిందికి తీసుకెళ్లాడు. చెట్ల కింద గింజలు రాలుతున్న రోజులవి. "పువ్వు తింటం, కాయ కూర ఒండుకుంటం, గింజకు నూనె తీస్తం. మా తాతలు పొలం జేసినా ఇప్పను పొలం నడుమ ఇడిసిపెట్టిన్రు" అంటూ, రాలిన గింజలలో బరువైనవాటిని వేరుచేసి, పై తొక్క తీసి, అదే రోజు గుంటలో పెట్టడం చూపించాడు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే రాలే పువ్వును ఏరడానికి చెట్టు కింద ఆకులను కాల్చే అలవాటు ఉందనీ, దాని వల్ల చిన్న మొలకలు మాడిపోతాయనీ ఆయనే చెప్పాడు; ఇప్పుడు తన ఇంటివాళ్లు నేల ఊడ్చి ఏరుకుంటున్నారట. విత్తులు చల్లే ముందు గూడెంలో చేసుకొనే భూమి పండుగ గురించి కూడా వివరించాడు. గింజలను దేవత ముందు పెట్టి, ఊరంతా చేరి, ఆ తరువాతనే చేలోకి తీసుకెళ్లే ఆ పండుగ, హన్మకొండ బడిలో చూసిన కూటమికి పెద్దక్క వంటిది. మేడారంలో సమ్మక్క, సారలమ్మల గద్దెల దగ్గర విగ్రహాలు లేకపోవడం, అడవి నుంచి తెచ్చే వెదురు కంకవనమే గద్దె మీద నిలవడం కూడా ఇదే నేల పద్ధతి.

2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి ఈ తాడ్వాయి, మేడారం అడవుల్లోనే వేల చెట్లు నేలకూలాయి. వెలుతురు పడిన నేలలో అడవి గింజలతో పాటు పరాయి పొద లాంటానా కూడా పోటీగా లేస్తుంది కనుక, గూడెం పిల్లలకు ఏ మొలక ఏదో గుర్తుపట్టడం నేర్పాలని ఆ పెద్దాయన కోరిక. తోట పనిలో ఆసక్తి ఉన్న ఉపాధ్యాయులు వేసవి సెలవుల తరువాత అక్కడికి వెళ్తే, నేర్పవలసినదీ నేర్చుకోవలసినదీ రెండూ ఉన్నాయి. వెళ్లేవారు ఒక విషయం మరచిపోరాదు: అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు, అక్కడి నుంచి మొక్కను గాని గింజను గాని తీసుకురావడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. గూడెం వాళ్లు తమ పెరటి చెట్ల నుంచి ఇచ్చే గింజలే తీసుకోవాలి, వాటికి తగిన ధర చెల్లించాలి.

కాలం ఎంచుకోవడం బస ఎంచుకోవడం కన్నా ముఖ్యం. ఇప్ప, వేప గింజలకైతే జూన్ చివర, జూలై మొదట్లో రావాలి. మోదుగ పువ్వు చూడాలంటే ఫిబ్రవరి, మార్చి. దాని కాయలు ఏరాలంటే మే నెల ఎండను భరించాలి. గునుగు గింజ కోసం వచ్చేవారు బతుకమ్మ అయిన నెలకు, కంకులు ఎండి రాలే వేళకు రావాలి. హన్మకొండ వారు తరువాతి మార్పిడిని అప్పుడే పెట్టుకుంటామన్నారు, ఈసారి ప్రసంగాలు మధ్యాహ్నానికి మారుస్తామని కూడా మాట ఇచ్చారు.