టిప్‌మన్ 98 కస్టమ్: వేగం పడిపోతే ఎక్కడ చూడాలి, ఎక్కడ చేయి పెట్టకూడదు

రంగు నింపిన బంతులతో ఒకరినొకరు కొట్టుకునే పెయింట్‌బాల్ ఆట ఆడేవాళ్లలో టిప్‌మన్ 98 కస్టమ్ అనే ఈ గన్ పేరు విననివాళ్లు తక్కువ. అద్దె గన్లుగా ఏళ్ల తరబడి బురదలో పొర్లాడినా పనిచేస్తుందన్న పేరు దీనికి ఊరికే రాలేదు. డైకాస్ట్ అల్యూమినియం బాడీ, 0.68 క్యాలిబర్ (అంటే 0.68 అంగుళాల బంతి), కరెంటుతో పనిలేకుండా గ్యాస్ బలంతోనే మళ్లీ కాల్చడానికి సిద్ధమయ్యే బ్లోబ్యాక్ యంత్రాంగం. బ్యాటరీ లేదు, సర్క్యూట్ బోర్డు లేదు. కానీ దీనిమీద తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: మొదట్లో సెకనుకు 280 అడుగుల వేగంతో కొట్టేది, ఇప్పుడు 240 దాటట్లేదు. అలా అన్నవాళ్లలో చాలామంది ముందు చేసే పని బాడీ విప్పడం. అదే తప్పు. వేగం తగ్గడానికి కారణాలు ఎక్కువగా బాడీ బయటే ఉంటాయి. లోపల ఉన్నా, విప్పకముందే గన్ తన తీరుతో ఆ సంగతి చెప్పేస్తుంది.

ఎలా చెబుతుందో తెలియాలంటే గ్యాస్ దారి తెలియాలి. ట్రిగ్గర్ నొక్కగానే వెనక బోల్ట్, అంటే సుత్తి, స్ప్రింగ్ బలంతో ముందుకొచ్చి వాల్వును కొడుతుంది. వాల్వు తెరుచుకున్న క్షణంలో గ్యాస్ రెండుగా చీలుతుంది. ముందుకు పోయిన వాటా బంతిని తోస్తుంది, వెనక్కి పోయిన వాటా సుత్తిని వెనక్కి నెట్టి మళ్లీ కాక్ చేస్తుంది, అంటే తర్వాతి షాట్‌కు సిద్ధం చేస్తుంది. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: వేగం తగ్గినా గన్ సరిగ్గా కాక్ అవుతోందా, లేదా?

ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కితే టకటకమని రెండు మూడు గుండ్లు దానంతట అదే పేలుస్తోందంటే, సుత్తి దాన్ని పట్టి ఆపే కొక్కేనికి, అంటే సియర్‌కు, చిక్కేంత వెనక్కి వెళ్లడం లేదన్నమాట. గ్యాస్ ఒత్తిడి చాలట్లేదు, లేదా సుత్తి మీది ఓ-రింగ్ (గ్యాస్ జారకుండా ఆపే రబ్బరు చుట్టు) అరిగి వెనక వాటా పక్కనుంచి జారిపోతోంది. కాకింగ్ శుభ్రంగా అవుతూ వేగం మాత్రమే తగ్గితే దోషం ముందువైపు వెతకాలి: బ్యారెల్, బంతులు, వేగం స్క్రూ. కాల్చకపోయినా బ్యారెల్ మూతి నుంచి సన్నగా బుస్సుమంటోందా? వాల్వును మూసి ఉంచే కప్ సీల్ పోయింది. దీనికి మాత్రం విప్పక తప్పదు.

బంతి వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ దగ్గర అంకెలు చదవడం కూడా నేర్చుకోవాలి. వరసగా 280, 272, 261, 249 అని దిగుతూ పోతే అది గ్యాస్ సమస్య. 281, 243, 276, 250 అని ఎగుడుదిగుడుగా వస్తే బంతుల మీదో, బ్యారెల్ మీదో అనుమానపడండి. ప్రతిసారీ 245 దగ్గరే కూర్చుంటే స్క్రూ, స్ప్రింగ్ చూడాలి. కనీసం పది షాట్లు కొట్టకుండా నిర్ణయానికి రావద్దు. ఈ గన్‌లో ఐదు, పది అడుగుల తేడా మామూలే, దానికోసం తల పట్టుకోనక్కర్లేదు.

గ్యాస్ విషయంలో ఎక్కువమంది పప్పులో కాలేసేది కార్బన్ డయాక్సైడ్ దగ్గరే. సిలిండర్‌లో అది ద్రవంగా ఉంటుంది, దాని ఒత్తిడి వేడిమిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 830 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, ఒత్తిడి కొలత) ఉండేది 0 డిగ్రీల దగ్గర 500 చిల్లరకు దిగుతుంది. పైగా గబగబా కాలుస్తుంటే ద్రవం ఆవిరవుతూ సిలిండర్‌ను చల్లబరుస్తుంది. చేత్తో ముట్టుకుంటే మంచుగడ్డలా తగులుతుంది, ఒక్కోసారి పైన తెల్లగా మంచు కూడా పడుతుంది. ఆ స్థితిలో వేగం తగ్గిందని స్క్రూ తిప్పితే, సిలిండర్ వేడెక్కాక గన్ 300 అడుగులు దాటి కొడుతుంది. సెకనుకు 300 అడుగులన్నది ఆటలో సాధారణంగా పాటించే గరిష్ఠ పరిమితి, చాలా మైదానాలు 280కే ఆపుతాయి. చలి ఉదయం సరిచేసిన గన్‌ను ఎండెక్కాక మళ్లీ క్రోనోగ్రాఫ్ ముందు పెట్టాల్సిందే.

కంప్రెస్డ్ ఎయిర్ ట్యాంక్ వాడితే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. అయితే ఒత్తిడిని అదుపుచేసే ట్యాంక్ రెగ్యులేటర్ ఎంత ఒత్తిడి వదులుతుందో చూసుకోండి. ఈ గన్‌కు 800, 850 పీఎస్ఐ ఇచ్చే ట్యాంక్ కావాలి. 450 ఇచ్చే తక్కువ ఒత్తిడి ట్యాంక్ తగిలించి గన్‌ను తిట్టుకునేవాళ్లున్నారు. ట్యాంక్ పూర్తిగా బిగించకపోయినా ఇంతే, లోపలి పిన్ ట్యాంక్ వాల్వును సగమే నొక్కుతుంది.

తర్వాత బ్యారెల్. లోపల పగిలిన బంతి రంగు ఎండి అంటుకుంటే వేగమూ పోతుంది, గురీ పోతుంది. బ్యారెల్ లోపల తుడిచే స్క్వీజీని రెండుసార్లు లాగి, వెలుతురుకేసి పట్టి చూడండి. ఆ పైన బంతి కొలత: బ్యారెల్ విడదీసి, వెనకవైపు నుంచి ఒక బంతి వేయండి. గడగడా జారి అటునుంచి కింద పడితే బంతి చిన్నది, గ్యాస్ దాని పక్కనుంచి తప్పించుకుపోతోంది. అక్కడే ఆగి, నోటితో ఊదితే కదలాలి, అదీ సరైన జోడి. తేమకు ఉబ్బిన పాత బంతుల్లో ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటుంది, వాటితో ఏ గన్నూ నిలకడగా కొట్టదు. బంతులు లోపలికి దిగే ఫీడ్ దగ్గరి బాల్ లాచ్‌ను వేలితో నొక్కి చూడండి. ఆ రబ్బరు ముక్క అరిగిపోతే బంతి ముందే బ్యారెల్‌లోకి జారుతుంది, ఒక్కోసారి రెండు బంతులు దూరతాయి.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే వేగం స్క్రూ జోలికి వెళ్లాలి. అది గన్ ఎడమ పక్కన ఉంటుంది. అలెన్ కీతో లోపలికి తిప్పితే వేగం తగ్గుతుంది, బయటికి తిప్పితే పెరుగుతుంది. పావు చుట్టు తిప్పడం, నాలుగైదు షాట్లు కొట్టి చూడడం, మళ్లీ పావు చుట్టు. కళ్లకు మాస్క్ లేకుండా ఈ పని చేయొద్దు.

విప్పాల్సి వస్తే క్రమం ఇది. బంతులు నింపే డబ్బా, అంటే హాపర్, తీసేయండి, ట్యాంక్ విప్పండి, మనుషులు లేని దిక్కుకు పట్టి లోపల మిగిలిన గ్యాస్ పోయేదాకా కాల్చండి. కాక్ అయి ఉంటే సుత్తిని ముందుకు వదలండి. గన్‌ను కుడి పక్క కింద ఉండేలా బల్లమీద పడుకోబెట్టి, బోల్టులు తీసి ఎడమ సగాన్ని నిదానంగా పైకెత్తండి. ఈ డిజైన్‌లో చిరాకు పెట్టేది ఇక్కడే. బాడీ రెండు చిప్పల్లా విడిపోతుంది, ట్రిగ్గర్ స్ప్రింగ్, సియర్ స్ప్రింగ్, పిన్నులు ఎక్కడివక్కడ వదులవుతాయి. పైచిప్ప ఎత్తగానే ఫోటో తీసి పెట్టుకోండి. బోల్టుల పొడవుల్లో తేడా ఉంటుంది కాబట్టి ఏది ఏ రంధ్రంలోదో గుర్తు పెట్టుకోవాలి.

సుత్తి ఓ-రింగ్‌ను గోటితో తడిమి చూడండి. ఒకచోట చదునుగా తగిలినా, సన్నని పగులు కనిపించినా మార్చేయండి. సుత్తి స్ప్రింగ్‌ను కొత్తదాని పక్కన పెట్టి పొడవు పోల్చండి. కుదించుకుపోయిన స్ప్రింగ్ సుత్తిని బలంగా కొట్టనివ్వదు, వాల్వు తక్కువసేపు తెరుచుకుంటుంది, వేగం పడిపోతుంది. దాన్ని చేత్తో సాగదీస్తే ఒక్క పూట పనిచేస్తుందేమో, అంతే. గన్‌ను కాక్ చేసి నెలల తరబడి దాచిపెట్టడమే ఈ స్ప్రింగ్‌కు పెద్ద శత్రువు.

ట్యాంక్ మూతి ఓ-రింగ్ సైజు 015. పాలీయురేథేన్‌వి కొనండి. మామూలు నల్ల నైట్రైల్ రింగులు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని ఉబ్బి చీలిపోతాయి. నూనె విషయంలో పిసినారితనం వద్దు, అతీ వద్దు: ట్యాంక్ తగిలించే అడాప్టర్‌లో పెయింట్‌బాల్ గన్ నూనె నాలుగైదు చుక్కలు వేసి, బంతులు లేకుండా పదిసార్లు కాలిస్తే గ్యాసే దాన్ని లోపలికి మోసుకుపోతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు రబ్బరును పాడుచేస్తాయి. కంప్రెస్డ్ ఎయిర్ ట్యాంక్ నింపే నిపుల్ మీద మాత్రం నూనె చుక్క కూడా పడకూడదు. అధిక ఒత్తిడి గాలి దూసుకొచ్చినప్పుడు అది అంటుకునే ప్రమాదముంది.

ఇక గన్ మీద తీర్పు. గ్యాస్ బాగా తాగుతుంది, సుమారు 1.3 కిలోల బరువు, చప్పుడెక్కువ. వేగంలో రెండు మూడు అడుగుల నిలకడ కావాలనుకునే పోటీ ఆటగాళ్లు దీన్ని కొనొద్దు. రెంచీ, అలెన్ కీలు, పది రూపాయల విలువచేసే రబ్బరు రింగులతో తన గన్ తానే బాగుచేసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం ఇంతకంటే ఓపికైన గన్ దొరకడం కష్టం. పాతది కొంటుంటే బాడీ బోల్టుల తలలు చూడండి. అవి అరిగి గుండ్రంగా ఉంటే ఎవరో ఎడాపెడా విప్పి బిగించారని అర్థం. అల్యూమినియంలో మరలు కొట్టేసి ఉంటే ఆ చిప్పలు ఇక గట్టిగా కరుచుకోవు, కొత్త ఓ-రింగులు ఎన్ని వేసినా లాభం ఉండదు.