విన్‌ఫార్మ్స్‌లో అసింక్–అవెయిట్: ఇన్ని సీజన్లు వాడాక నా రివ్యూ

చిత్తూరు వైపు మామిడి మండీల్లో కాటా బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ నేను చూసుకుంటాను. అది విన్‌ఫార్మ్స్ (విండోస్ డెస్క్‌టాప్) అప్లికేషన్, తూకం రాగానే హెచ్‌టీటీపీక్లయింట్‌తో (నెట్ ద్వారా సర్వర్‌తో మాట్లాడే డాట్‌నెట్ క్లాస్) సర్వర్‌కి పంపి బిల్లు నంబరు తెచ్చుకుంటుంది. థ్రెడ్‌ను (కోడ్ నడిచే వరసను) ఆపకుండానే జవాబు కోసం ఎదురుచూసే అసింక్, అవెయిట్ సీషార్ప్ భాషలోకి 2012లో వచ్చాయి. పద్ధతిగా వాడితే ఇంత సుఖం ఇంకోటి లేదు, మధ్యలో ఎక్కడైనా ఒక్క ‘డాట్ రిజల్ట్’ (జవాబు వచ్చేదాకా ఆగి తీసుకునే పద్ధతి) పడిందా, జూన్ నెలలో కొంప మునిగినట్టే.

బటన్ నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్‌లో డాట్ రిజల్ట్ రాస్తే విండోను నడిపే యూఐ థ్రెడ్ జవాబు కోసం అక్కడే ఆగిపోతుంది. లోపలి ఫంక్షన్‌లో అవెయిట్ తర్వాతి లైన్లేమో అదే యూఐ థ్రెడ్ మీద నడవాలి, ఎందుకంటే అవెయిట్ సింక్రనైజేషన్ కాంటెక్స్ట్‌ను (మిగతా పని ఎక్కడ నడవాలో చెప్పేదాన్ని) పట్టి ఉంచుతుంది. సర్వర్ జవాబు వచ్చేసినా తీసుకునే థ్రెడ్ ఖాళీగా లేదు. ఇలా ఒకదాని కోసం ఒకటి ఆగిపోవడమే డెడ్‌లాక్. 100 సెకన్ల డిఫాల్ట్ టైమౌట్ కూడా కాపాడదు, ఆ ఎర్రర్ కూడా అదే థ్రెడ్ మీదికే రావాలి కదా! బయట తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, కాటా దగ్గరి పిల్లోడు ఫోన్ చేసి ‘మళ్లా హ్యాంగయిందినా’ అంటాడు.

అసలు చిరాకు ఏంటంటే, ఇదే కోడ్ విండో లేని కన్సోల్ అప్లికేషన్‌లో చక్కగా నడుస్తుంది, అక్కడ ఆ కాంటెక్స్ట్ లేదు. జవాబు కాష్‌లో (ముందే దాచిపెట్టి) ఉండి టాస్క్, అంటే ఆ పని, అప్పటికే పూర్తయి ఉంటే విన్‌ఫార్మ్స్‌లోనూ నడుస్తుంది. అందుకే ఆఫీసులో అన్నీ బాగుంటాయి, మండీలో ఆగిపోతుంది, అందరూ కలిసి నెట్ స్లో అని తేల్చేస్తారు. ఎర్రర్ మెసేజ్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు. ఇందులో మాత్రం దీనికి సున్నా మార్కులు.

ఆ కాంటెక్స్ట్ వద్దని చెప్పే కాన్ఫిగర్‌అవెయిట్ ఫాల్స్ లైబ్రరీ కోడ్‌లో మంచిదే, కానీ దారిలో ఒక్క అవెయిట్‌కి పెట్టడం మరిచినా మళ్లీ అదే కథ. డాట్ రిజల్ట్ బదులు గెట్‌అవెయిటర్ గెట్‌రిజల్ట్ రాసినా డెడ్‌లాక్ పోదు, ఎక్సెప్షన్ కాస్త శుభ్రంగా కనిపిస్తుంది, అంతే. టాస్క్ రన్‌లో చుట్టి (పనిని వేరే థ్రెడ్‌కి ఇచ్చి) రిజల్ట్ తీసుకుంటే డెడ్‌లాక్ పోతుంది, జవాబు వచ్చేదాకా విండో బిగుసుకునే ఉంటుంది. డాట్‌నెట్ 5లో హెచ్‌టీటీపీక్లయింట్‌కి వచ్చిన సింక్రనస్ సెండ్ (అవెయిట్ లేకుండా ఆగి జవాబు తెచ్చేది) కూడా అంతే.

బటన్ ఈవెంట్‌నే అసింక్ వాయిడ్ చేసి కిందిదాకా అవెయిట్ పెట్టుకోండి. లోపల ట్రై క్యాచ్ (ఎర్రర్‌ను పట్టుకునే కోడ్) తప్పనిసరి, లేకపోతే ఎక్సెప్షన్ వచ్చినప్పుడు అప్లికేషనే పడిపోవచ్చు. కన్‌స్ట్రక్టర్‌లో అవెయిట్ కుదరదు, ఆ పని లోడ్ ఈవెంట్‌కి మార్చండి. ఇంకోటి, విండో బిగుసుకోదు కాబట్టి జవాబు వచ్చేలోపు పిల్లోడు బటన్ మళ్లీ నొక్కేస్తాడు, ఒకే ట్రాక్టరుకి రెండు బిల్లులు పడతాయి. అవెయిట్‌కి ముందే బటన్ డిసేబుల్ చేసి, ఫైనల్లీలో తిరిగి ఎనేబుల్ చెయ్యండి.