నేస్తం దాచిన సీసాకి రెండు రేకుల ఓపెనర్

'వైన్స్' అని బోర్డు పెట్టిన కొట్టులో వైన్ అడిగితే కౌంటర్ వెనక కుర్రాడు ఎగాదిగా చూసే ఊళ్లు మనవి. విజయనగరంలో వైన్ పిచ్చి ఉన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో ఒకరు పోతే బీరువా అడుగునో మంచం కిందో నాలుగైదు సీసాలు మిగిలిపోతాయి. నాసిక్ నుంచో బెంగళూరు నుంచో చొక్కాల మడతల్లో పెట్టి తెచ్చి, 'మంచి రోజు చూసి తీద్దాంలే' అని దాచినవి. మిగిలిన నేస్తాలంతా కూర్చుని ఆ సీసా తీసే రోజున మామూలు మర ఓపెనర్‌ని నమ్ముకోవద్దు. ఆ-సో అనే రెండు రేకుల ఓపెనర్ కొనుక్కోండి. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తుంది.

చూడ్డానికి ఏమీ ఉండదు. ఒక పిడి, దానికి రెండు పల్చటి ఉక్కు రేకులు, ఒకటి రవ్వంత పొడుగు. మర లేదు కాబట్టి బిరడాకి చిల్లు పడదు. దొర సీసా గుట్టుగా తీసి, మంచిది తాగి, నాసిరకం పోసి, అదే బిరడా మళ్లీ బిగించేవారట బట్లర్లు. అందుకే దీన్ని 'బట్లర్ నేస్తం' అని కూడా అంటారు.

మరతో వచ్చే చిక్కేమిటంటే, మన ఇళ్లలో ఏళ్ల తరబడి ఉన్న బిరడా లోపల గుల్లబారి ఉంటుంది. బిరడా అసలు వ్యాసం 24 మిల్లీమీటర్లు. దాన్ని నొక్కి సుమారు 18 మిల్లీమీటర్ల మెడలోకి దూరుస్తారు. ఆ బిగువే సీసాకి కాపలా. వైన్‌కి నచ్చే వేడి 12 నుంచి 14 డిగ్రీలు. ఇక్కడ మే నెలలో, ఏసీ లేని గదిలో, వైన్ ఉబ్బి బిరడాని పైకి తోస్తుంది. చల్లబడ్డాక ముడుచుకుని బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. అలా కొన్ని వేసవులు గడిచి, పైగా సీసా నిలువునా పెట్టి ఉంటే, బిరడా ఎండి పిండవుతుంది. మర దించి లాగారా, పైముక్క చేతికొస్తుంది, కిందిముక్క మెడలోనే ఉండిపోతుంది. రెండు రేకుల ఓపెనర్ బిరడా నడుమ జోలికే పోదు. గాజుకీ బిరడాకీ మధ్య దిగి రెండు పక్కలా పట్టుకుంటుంది.

సీసాని ముందురోజే నిలబెట్టి ఉంచాలి, మడ్డి అడుక్కి దిగుతుంది. రేకు మూత మొత్తం ఒలిచి, మెడ అంచుని తడిగుడ్డతో తుడవండి. పొడుగు రేకు మొనని ముందు దూర్చి, ఆ తర్వాత రెండో వైపు పొట్టిది. ఇక్కడ తొందర పనికిరాదు. నిటారుగా నొక్కకుండా పిడిని ఎడమకీ కుడికీ ఊపుతూ, ఒక్కో ఊపుకి కొంచెం కొంచెంగా దించాలి. పిడి బిరడాకి ఆనగానే ఆగి, నిదానంగా ఒకే వైపుకి తిప్పుతూ పైకి తీయాలి. తిప్పకుండా లాగితే రేకులొక్కటే జారి వచ్చేస్తాయి. ఆఖరి అర సెంటీమీటరు దగ్గర బిరడాని గుడ్డతో పట్టుకోండి.

దీని లోపం కూడా పెద్దదే. బిరడా ముందే వదులై ఉంటే రేకులు పట్టు దొరక్క దాన్ని లోపలికి తోసేస్తాయి. మొదటి రెండు ఊపుల్లో బిరడా కిందికి కదిలితే అక్కడే ఆపేయండి. మరనీ, రేకులనీ కలిపి చేసిన డ్యురాండ్ అనే సాధనం సరిగ్గా ఇలాంటి బిరడాల కోసమే. పనితనం గొప్పదే కానీ ధర వంద డాలర్ల పైమాట, ఏడాదికోసారి తీసే సీసాకి అంత దండగ. బిరడా లోపల పడినా కొంప మునిగిపోదు, సన్నటి స్టీలు టీ వడపోతతో వేరే గాజు జగ్గులోకి వంపుకోవచ్చు. చవక రకాల్లో రేకులు మందంగా ఉంటాయి, గట్టి బిరడాని కూడా తోసేవి అవే. చాకు అంచులా పల్చగా, వంచితే మళ్లీ తిన్నగా వచ్చేవి చూసి తీసుకోండి. ముందు మామూలు సీసాల మీద రెండుమూడు సార్లు చెయ్యి తిప్పుకోండి. పోయిన నేస్తం దాచిన సీసాలు మళ్లీ దొరకవు, వాటి మీద నేర్చుకోకూడదు.

మర మూత సీసాలకి దీనితో పని లేదు. ప్లాస్టిక్ బిరడాకి పట్టదు. నురగ వైన్‌కి అసలు వాడొద్దు, లోపల ఒత్తిడి ఉంటుంది.

సీసాలో 750 మిల్లీలీటర్లు. తలా 50 పోస్తే 15 మందికి వస్తుంది, సంస్మరణకి అది చాలు. మెడ వెనక సెల్‌ఫోన్ టార్చి పెట్టి, ఆపకుండా ఒకే ధారగా జగ్గులోకి వంపండి. నల్లటి మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపేయాలి. పాత వైన్‌ని గంటలు గంటలు గాలికి పెట్టొద్దు, ఉన్న కాస్త వాసనా ఎగిరిపోతుంది. గౌరవంగా ఉంటుందని బుడితి ఇత్తడి చెంబులో పోసేరు సుమా! కళాయి లేని ఇత్తడిలో పులుసు ఎందుకు ఉంచమో వైన్ కూడా అందుకే ఉంచకూడదు.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా చెడింది. ఉడికిన పండు వాసనైతే ఎండదెబ్బ. ముక్కు చిట్లించేంత పులుపు ఘాటైతే వెనిగర్ దారి పట్టింది. పదేళ్ల నాటి తెల్ల వైన్ అయితే అసలు ఆశ పెట్టుకోవద్దు. మన దేశంలో చేసే వైన్లలో చాలావరకు కొన్నేళ్లలోపే తాగేయాల్సినవి. పాడైనా సరే, ఇంటివాళ్ల ఎదుట సింకులో పారబోయకండి. తలో చుక్క నాలుక్కి తగిలించుకుని, పక్కనే అదే ద్రాక్షతో చేసిన కొత్త సీసా ఒకటి ఉంచుకోండి. నంది హిల్స్‌లో చేసే లా రిజర్వ్ అనే వైన్‌లో కాబర్నే, షిరాజ్ అనే ద్రాక్ష రకాలు కలిపి ఉంటాయి. మహారాష్ట్రలోని అక్లూజ్‌లో చేసే సెట్టె అనే వైన్‌లో సాంజొవేసే, కాబర్నే ద్రాక్షలు. ఆయన సీసా ఏదో దాన్నిబట్టి తెచ్చుకోవడమే.

హాల్లో చేసుకోవాలంటే ఎక్సైజ్ అనుమతి గొడవ ఉంది, ఇల్లే నయం. పెద్దకర్మ అయ్యేదాకా సీసాల ఊసెత్తొద్దు. సంవత్సరీకాలు వెళ్లాక, 'వదినగారూ, అన్నయ్య దాచినవి ఉన్నాయి కదా, ఆయన పుట్టినరోజుకి మీ అందరి ముందూ తీద్దామా?' అని అడిగితే బాగుంటుంది. కాదంటే అక్కడితో వదిలేయాలి.

ఈ ఓపెనర్‌కి ఎక్కువ మార్కులు వేసేది బిరడా దగ్గరే. మరతో తీస్తే నడుమ చిల్లు, అంచుకి చీలిక. దీనితో తీసిన బిరడా ఒక కొస ఊదాగా, పక్కన అచ్చేసిన అక్షరాలు చెరగకుండా, చెక్కుచెదరకుండా వస్తుంది. దాన్ని నీడలో రెండు రోజులు ఆరబెట్టి వదినగారికి ఇవ్వండి. తడి మీద డబ్బాలో పెడితే మన గాలి తేమకి వారంలో బూజు పడుతుంది.