పట్టుపై ప్రకృతి దృశ్యాలు: ఉప్పుతో నాలుగేళ్లు

ఆవిరితో స్థిరపడే ద్రవరంగులు, కల్లుప్పు పెట్టుకుని పట్టుగుడ్డమీద కొండలనూ చెరువులనూ చిత్రించడం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. గుడ్డను చట్రానికి బిగించడం, గట్టా అనే జిగురుతో గీత గీసి రంగుకు కట్ట వేయడం వంటివి ఈ పని చేసేవారందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. ఇన్నేళ్లలో నన్ను అన్నిటికంటే ఎక్కువ మురిపించినదీ, ఒకసారి గట్టిగా ఏడిపించినదీ ఉప్పే. అందుకే ఈ సమీక్ష దాని గురించే.

తడి ఆరని రంగుమీద ఉప్పురాయి పడగానే అది చుట్టూ ఉన్న తడిని తనవైపు లాక్కుంటుంది. ఆ తడితోపాటు రంగు కూడా పడుగు పేకల వెంట కదిలి రాయి దగ్గర ముదురుగా చేరుతుంది, అది ఖాళీ చేసిన చోటు లేతబడుతుంది. గంటసేపు కుంచె పట్టుకుని కూర్చున్నా నాకు సాధ్యం కాని దూరపు చెట్ల గుబురు అలా పది నిమిషాల్లో కళ్ళముందే పెరుగుతూ రావడం నేటికీ ఊపిరి బిగబట్టి చూస్తాను. కల్లుప్పు పొడవైన చారలను ఇస్తుంది, మెత్తటి ఉప్పు మంచు పట్టిన ఆకుల వంటి పొడిపొడి చుక్కలను ఇస్తుంది. చట్రాన్ని ఒక వైపు కాస్త ఎత్తి ఉంచితే చారలన్నీ ఒకే దిక్కుకు వాలి, దూరాన కురిసే వానలా కనిపిస్తాయి.

ఇందులో అసలు నేర్పు వేళను పట్టుకోవడంలో ఉంది. గుడ్డ అద్దంలా మెరుస్తున్నప్పుడు చల్లితే ఉప్పు కరిగి మచ్చ మిగులుతుంది, ఆరిపోయాక చల్లితే ఏమీ జరగదు. మెరుపు పోయి తడి మాత్రం నిలిచి ఉండే ఆ కొద్ది వ్యవధి గుడ్డ బరువునుబట్టి మారుతుంది. పట్టు బరువును కొలిచే మోమే అంటే చదరపు మీటరుకు సుమారు 4.34 గ్రాములు. నేను మొదట వాడిన 5 మోమే హబోటాయ్ అనే సాదా నేత పట్టు ఆకాశం రంగు పూర్తిగా పరిచేలోపే ఒక మూల ఆరిపోయేది. 12 మోమే గుడ్డకు మారాక ఉప్పు ఎక్కడ వేయాలో ఆలోచించుకునే తీరిక దొరికింది. పెద్ద ఆకాశాలు వేసేవారికి ఈ ఒక్క మార్పు చేయమని గట్టిగా చెబుతాను.

రెండో ఏడాదిలో తెల్లవారుజాము చెరువు ఒకటి వేశాను. మూడు వారాల పని. అవతలి ఒడ్డు చెట్లకు మెత్తటి ఉప్పు వాడాను, నీటిమీద వెలుగు పడే పట్టీని దాదాపు తెల్లగా వదిలాను. రంగు ఆరాక ఉప్పును చేత్తో దులిపి, అంతా రాలిపోయిందనుకుని, గుడ్డను కాగితంలో చుట్టి రెండు గంటలు ఆవిరి పట్టాను. విప్పి చూస్తే చెట్ల కొసలన్నీ అలుక్కుపోయి, వాటి నీలిపచ్చ ఆ తెల్లటి పట్టీలోకి వేళ్ళలా పాకింది. మూతనుంచి నీటిచుక్క పడిందేమోనని మొదట అనుకున్నాను. అదే నిజమైతే చుట్టలో ఒకదానిమీద ఒకటి ఉన్న పొరలన్నింటిలోనూ, అదే వరుసలో, మచ్చలు పడాలి. నా గుడ్డమీద మాత్రం ఉప్పు చల్లిన చోట్లే చెడ్డాయి. నేత సందుల్లో చిక్కుకున్న సన్నటి ఉప్పు ఆవిరిలోని తేమను పీల్చుకుంది, పోగుకు ఇంకా అంటని రంగును మళ్ళీ కదిలించింది. ముందే ఉతికి ఉప్పు వదిలించుకుందామంటే స్థిరపడని రంగు కూడా నీళ్ళతో పోతుంది. చాలా రోజులు ఆ చిత్రం వైపు చూడలేకపోయాను.

అప్పటినుంచి గుడ్డను ఒక రాత్రంతా ఆరనిచ్చి, చట్రాన్ని బోర్లించి తట్టి, రెండు వైపులా పొడి కుంచెతో దులిపి, చివర అరచేత్తో తడిమి చూస్తున్నాను. ఎక్కడైనా గరుకు తగిలినా, చల్లగా తడిగా అనిపించినా, ఆ రోజు ఆవిరి పెట్టను. చుట్టేటప్పుడు అదనంగా ఒక కాగితం వరుస కూడా వేస్తున్నాను. తరువాతి రెండేళ్లలో ఒక్క చిత్రంలో, అదీ ఒక మూలన, చిన్న మరక వచ్చింది.

ఉప్పు ఉంటే దృశ్యం తనంత తానే తయారవుతుందని మొదటి ఏడాది తోటివారికి ఉత్సాహంగా చెప్పాను. ఇప్పుడు ఆ మాటను కొంత సవరించుకోవాలి. చిత్రమంతా ఉప్పు చల్లితే చూసేవారికి కొండకంటే ముందు ఉప్పే కనబడుతుంది. నా చిత్రాలను వరుసగా పరిచి చూసుకున్నప్పుడు ఆకాశం, అడవి, నీరు మూడింటికీ ఒకే చర్మం కప్పినట్లు తోచింది. అందుకని ఒక చిత్రంలో ఒక చోటికే దాన్ని పరిమితం చేస్తున్నాను. వాగులోని గులకరాళ్లకు ఆల్కహాల్ చుక్క బాగుంటుంది. అది రంగును బయటికి నెట్టి, లేత నడుమా ముదురు అంచూ ఉన్న గుండ్రటి మచ్చను వదులుతుంది. దగ్గరి గడ్డిపోచలకు గుడ్డ మొత్తాన్ని ఉప్పునీటిలో ముంచి ఆరబెట్టి వేసే పద్ధతి ఉంది, కుంచె గీత అంతగా పాకకుండా నిలుస్తుంది. చెరువు అనుభవం తరువాత ఆ గుడ్డను ఆవిరికి ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఒక్క విషయంలో మాత్రం నా సంతోషం ఏమాత్రం తగ్గలేదు. ఆరినప్పుడు వెలిసినట్లు కనిపించిన రంగు ఆవిరి తరువాత లోతుగా తేలుతుంది. చెట్ల వెనుక మరో వరుస చెట్లున్నట్లు ఉప్పు గీసిన సన్నని ఛాయలు అప్పుడే నా కంటపడతాయి. రంగు పోగులోకే ఇంకిపోవడంవల్ల ఉతికాక గుడ్డ మునుపటి మెత్తదనంతోనే ఉంటుంది. ఇస్త్రీతో స్థిరపరిచే రంగులు వాడినప్పుడు నాకు ఆ స్పర్శ దొరకలేదు.

నేను రాత్రిపూట, ఒకే కిటికీ ఉన్న గదిలో, ఎవరి గడువూ లేకుండా వేసుకునే మనిషిని. ఒకే దృశ్యాన్ని రెండుసార్లు అచ్చంగా వేసి ఇవ్వవలసినవారికి ఉప్పు పనికిరాదు, ఎందుకంటే అది రెండోసారి అదే చోట ఆగదు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే చోట పనిచేసేవారికి ఆరబెట్టే సమయం నాకంటే ఎక్కువే పట్టవచ్చు. చెడిపోయిన చెరువు చిత్రం నా దగ్గరే ఉంది. మొన్న దాన్ని మళ్ళీ విప్పి, కొత్త చట్రం పక్కన వేలాడదీసి, అదే ఒడ్డును 12 మోమే గుడ్డమీద మొదలుపెట్టాను. ఈసారి ఉప్పు కుడివైపు చెట్లకు మాత్రమే, వెలుగు పట్టీకి జానెడు దూరంలో.