క్లినికల్ హిప్నాసిస్ ట్రైనింగ్ కోర్స్: థెరపిస్టుగా నా రివ్యూ

సైకోథెరపీ చేస్తున్నాను, ఈ మధ్యే థెరపిస్టుల కోసం పెట్టిన హిప్నాసిస్ బేసిక్ కోర్స్ పూర్తి చేశా. స్టేజీ మీద జనాన్ని పడుకోబెట్టే టైపు కాదండీ ఇది, హిప్నాసిస్ అంటే నిద్ర కాదు, ధ్యాస ఒక్కచోట నిలిచే స్థితి అని మొదటి క్లాసులోనే క్లియర్‌గా చెప్పేశారు, గ్రీకులో నిద్ర అనే మాట నుంచి వచ్చిన ఆ పేరుని 1840ల్లో వాడుకలోకి తెచ్చిన స్కాటిష్ సర్జన్ జేమ్స్ బ్రెయిడే తర్వాత అది నిద్ర కాదని గ్రహించి పేరు మార్చాలని చూశాడట.

నాకు బాగా నచ్చింది ప్రాక్టీస్. ఇండక్షన్ (ఆ స్థితిలోకి తీసుకెళ్ళడం), డీపెనింగ్ (దాన్ని ఇంకా లోతుగా చేయడం), సజెషన్ (మార్పు కోసం సూచనలివ్వడం), మళ్ళీ మామూలు స్థితికి తేవడం, అన్నీ జంటలుగా కూర్చుని ఒకరి మీద ఒకరం చేశాం. నేను మరీ గబగబా మాట్లాడతానని అక్కడే తెలిసింది, ఎదుటివాళ్ళు ఊపిరి వదిలేటప్పుడు మాట కలపమన్నారు, అంతే, చాలా మారిపోయింది.

నచ్చనిదల్లా జ్ఞాపకాల టాపిక్‌ని అరగంటలో చుట్టేయడం. హిప్నాసిస్‌లో తవ్వి తీసిన జ్ఞాపకం తప్పయినా సరే, క్లయింట్‌కి అది నిజమేనన్న నమ్మకం గట్టిపడిపోవచ్చు, ఇంత ప్రమాదమున్నదానికి కనీసం ఒక పూటైనా ఇవ్వాల్సింది. సూపర్‌విజన్, అంటే అనుభవమున్నవాళ్ళు మన పని చూసి సరిదిద్దడం, కూడా తక్కువే.

నొప్పి, ఆందోళన, ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాల ఇబ్బంది పెట్టే పేగుల సమస్య) కేసులు చూసే థెరపిస్టులైతే తప్పకుండా చేరండి. థెరపీ చదవకుండా ఇదొక్కటే నేర్చుకుందామనుకుంటే మాత్రం వద్దు.