రోబో ఇసుక: కడిగింది మేలా, కడగనిది మేలా?

శ్లాబుకు ఇసుక చెప్పేటప్పుడు ఇంటివాళ్లు తరచూ అడిగేది ఒకటే: "రేటు ఎక్కువైనా సరే, కడిగిన రోబో శాండే తెప్పించండి." అది ఏటి ఇసుకతో వచ్చిన అలవాటు. ఏటి ఇసుకలో ఉండే సన్న పదార్థం చాలావరకు ఒండ్రుమట్టి, కాబట్టి కడిగితే మంచిదే. రాయిని పగలగొట్టి చేసిన ఇసుక, అంటే రోబో శాండ్, సంగతి వేరు.

రెండు పద్ధతుల్లోనూ మొదలు ఒకటే. కంకరను వీఎస్ఐ క్రషర్‌లో (రాయిని వేగంగా విసిరి పగలగొట్టే యంత్రంలో) వేస్తే రాయికి రాయి తగిలి పగులుతుంది, అంచులు అరిగి గింజ కాస్త గుండ్రబడుతుంది. దాంతోపాటు మెత్తటి రాతిపిండీ వస్తుంది. ఆ పిండిని ఎలా తీస్తారన్నదే తేడా. తడి పద్ధతిలో నీళ్లతో కడిగి, స్క్రూ వాషర్‌తో (తిరిగే మర ఉన్న తొట్టితో) ఇసుకను పైకి లాగుతారు, పిండి బురదనీటిలో కలిసిపోతుంది. పొడి పద్ధతిలో గాలితో చెరిగి పిండిని వేరుచేస్తారు. చేటలో పొట్టు ఎగిరిపోయినట్టన్నమాట. ఎంత పిండి ఉంచాలో, ఎంత తీయాలో గాలి వేగంతో సరిచేసుకోవచ్చు.

నా మొగ్గు పొడి పద్ధతి వైపు ఉండటానికి కారణం ఈ చివరి మాటే. కాంక్రీటులో వాడే ఇసుక, కంకరలకు భారత ప్రమాణం ఐఎస్ 383 (2016) ప్రకారం 75 మైక్రాన్ల కంటే సన్నటి పదార్థం ఏటి ఇసుకలో 3 శాతం దాటకూడదు. అదే క్రషర్ ఇసుకలో 15 శాతం దాకా ఉండొచ్చు. రాతిపిండి మట్టి కాదు కనుకే ఈ వెసులుబాటు. తగు పాళ్లలో ఉంటే గింజల మధ్య ఖాళీలు నింపుతుంది, కాంక్రీటు పంపులో సాఫీగా పోతుంది. పిండి మొత్తం పోయేలా కడిగేస్తే కాంక్రీటు మాల్ (కలిపిన ముద్ద) గరుకుగా తయారై, పోసిన కాసేపటికే పైన నీళ్లు తేలుతాయి.

తడి ఇసుకతో అసలు చిక్కు నీటి లెక్క. ఘనమీటరు కాంక్రీటులో 700 కిలోల ఇసుక, 350 కిలోల సిమెంటు, నీటి నిష్పత్తి (సిమెంటు బరువుతో పోలిస్తే నీటి బరువు) 0.45 అనుకుందాం. నీళ్లు సుమారు 157 లీటర్లు. ఇసుకలో 5 శాతం అదనపు తడి ఉంటే మరో 35 లీటర్లు చెప్పకుండా వచ్చి చేరతాయి, నిష్పత్తి 0.55కు పోతుంది. ఆర్ఎంసీ (రెడీమిక్స్ కాంక్రీటు) ప్లాంటులో తేమ కొలిచి నీళ్లు తగ్గిస్తారు. ఇంటి దగ్గర మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) నడిపే చోట ఎవరు కొలుస్తారు? వే బ్రిడ్జి మీద కూడా నష్టమే: 8 శాతం తడితో వచ్చిన 20 టన్నుల లోడులో దాదాపు టన్నున్నర నీళ్లకు డబ్బు కడుతున్నాం.

అయినా కడగక తప్పని చోట్లున్నాయి. క్వారీలో పైమట్టి పూర్తిగా తీయకపోతే, రాతి పగుళ్లలో బంకమట్టి ఉంటే, గాలి దాన్ని సరిగా వదిలించలేదు. అక్కడ నీళ్లే దిక్కు. వానాకాలంలో రాయి తడిసి వస్తే పొడి ప్లాంటు జల్లెడలు మూసుకుపోతాయి, అప్పుడూ తడి పద్ధతే నడుస్తుంది. కానీ బురదను ఫిల్టర్ ప్రెస్‌లో ఒత్తి, వచ్చిన నీళ్లు మళ్లీ వాడని ప్లాంటు ఉంటే, చుట్టుపక్కల బోర్లకూ చెరువుకూ అది శాపమే. ఆ ఇసుక ఎంత తెల్లగా మెరిసినా నేను కొనను.

ప్లాస్టరింగుకు మాత్రం కడిగి సన్నగా జల్లించినదే తీసుకుంటాను. పిండి ఎక్కువైతే మేస్త్రి నీళ్లు ఎక్కువ పోస్తాడు, గోడకు సన్న పగుళ్లు వస్తాయి.

ఇంకో జాగ్రత్త. "కడగని రోబో శాండ్" అని తక్కువ రేటుకు దొరికేది చాలాసార్లు ఒట్టి క్రషర్ డస్టే, అంటే కంకర కొట్టేటప్పుడు మిగిలే పొడే. వీఎస్ఐ మెషీను లేదు, గాలితో చెరగడం లేదు, గింజ పెళుసుగా, పలకలుగా ఉంటుంది. అది పొడి పద్ధతిలో చేసిన ఇసుక కానే కాదు. లోడు దిగకముందే గుప్పెడు తీసి తడిపి వేళ్ల మధ్య నలపండి. రాతిపిండైతే నీళ్లు పోయగానే చేయి శుభ్రపడుతుంది. జిగురుగా అంటుకుని ఎర్రటి మరక మిగిలితే అది మట్టి, బండిని వెనక్కి పంపండి.